మూడు రంగుల దొర

కుట్టుకొట్టు నుంచి

పిచికా,

నువ్వు వెళ్ళి నెల దాటింది. ఇంతవరకూ వచ్చిన ఉత్తరాల్లో హాస్టలు దుప్పటి గరుకుగా ఉందనీ, నీ గదిలో అమ్మాయి నిద్రలో లెక్కలు అప్పజెబుతుందనీ తప్ప చదువు గురించి ఒక్క ముక్క లేదు. బాగా సాగుతోందనుకోమంటావా, అసలు సాగట్లేదనుకోమంటావా?

ఇక్కడి విశేషం ఒక్కటే. కొట్టుకి మగదిక్కు వచ్చాడు. కంగారు పడకు, పిల్లి. మొన్న జోరువానలో గుమ్మం దగ్గర నిలబడి, నేను "పో" అనేలోపు లోపలికొచ్చి, కత్తిరింపు ముక్కల బుట్టలో పడుకున్నాడు. ఇక లేస్తే ఒట్టు. నలుపు, నారింజ, తెలుపు. మిగిలిన పీలికలన్నీ కలిపి నేనే కుట్టి వదిలినట్టుంటాడు. ఎవరైనా కొలతలివ్వడానికొస్తే ఒక కన్ను తెరిచి, వాళ్ళ నడుం చుట్టుకొలత తనకి నచ్చనట్టు మళ్ళీ మూసుకుంటాడు. అందుకని దొర అని పేరు పెట్టాను.

దుప్పటి సంగతి: రెండుసార్లు ఉతికితే అదే మెత్తబడుతుంది. మనుషులూ అంతే.

మీ పిన్ని


హాస్టలు, కిటికీ పక్క మంచం నుంచి

పిన్నీ,

నీ దొర దొర కాదు, దొరసాని. చూడకుండానే చెబుతున్నాను. కావాలంటే పందెం.

ఎందుకో చెబుతా విను, నాకూ వల్లెవేసినట్టుంటుంది. ఒంట్లో ప్రతి కణంలోనూ క్రోమోజోములని ఉంటాయి. మనిషి ఎలా ఉండాలో, పిల్లి ఎలా ఉండాలో రాసిపెట్టిన దారాల్లాంటివి. అవి జతలు జతలుగా ఉంటాయి, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. వాటిలో ఆడా మగా తేల్చే జత ఒకటుంది. ఆడపిల్లికి రెండు ఎక్స్‌లు. మగపిల్లికి ఒక ఎక్స్, ఒక వై. నలుపు కావాలో నారింజ కావాలో చూసే జన్యువు ఎక్స్ మీద ఉంటుంది. ఒక ఎక్స్ మీద ఏదో ఒక్క రంగే ఉంటుంది. మగాడికి ఉన్నదే ఒక ఎక్స్, కాబట్టి వాడు నల్లోడైనా కావాలి, నారింజోడైనా కావాలి. రెండూ కావాలంటే రెండు ఎక్స్‌లుండాలి. అంటే ఆడది. తెలుపుది వేరే జన్యువు, దాని గొడవ మనకొద్దు.

మచ్చలు ఎందుకంటావేమో. పిల్లి ఇంకా తల్లి కడుపులో ఉండగానే ప్రతి కణం తన రెండు ఎక్స్‌లలో ఒకదాన్ని మూలన పడుకోబెట్టేస్తుంది. ఏదన్నది అదృష్టం. ఆ కణం విభజన పొందితే పుట్టేవన్నీ కూడా అదే మాట మీద ఉంటాయి. అందుకే ఇక్కడో నల్ల మచ్చ, అక్కడో నారింజ మచ్చ.

కాబట్టి వెంటనే జంతువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి ఆపరేషను చేయించు. లేకపోతే నీ పట్టుబట్టల మీదే ప్రసవిస్తుంది, తర్వాత నన్ననకు.

చదువు బాగానే ఉంది.

పిచిక


కుట్టుకొట్టు నుంచి

పిచికా,

పందెం ఓడిపోయావు. ఏం కాశావో చెప్పలేదు కాబట్టి నేనే ఆలోచించి చెబుతాను.

నువ్వన్నావు కదా అని దొరని బుట్టలో పెట్టుకుని రైలు వంతెన అవతల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. అక్కడ ఆయన పెంచే చిలుకా, రెండు కుక్కలూ, కాలికి కట్టు కట్టిన మేకా, మేము. మా వంతొచ్చింది. "ఆడపిల్లికి ఆపరేషను చెయ్యాలండీ" అన్నాను. ఆయన దొర తోక ఎత్తి చూశాడు. మళ్ళీ చూశాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"అమ్మా, ఆడపిల్లి అని మీకెవరు చెప్పారు?"

"మా అమ్మాయి. కాలేజీలో జీవశాస్త్రం చదువుతోంది."

నీ ఉత్తరం సంచిలోనే ఉంటే తీసి చదివి వినిపించాను. చివరిదాకా విని పెద్దగా నవ్వాడు. చిలుక కూడా నవ్వింది. "మీ అమ్మాయి రాసిన దాంట్లో తప్పేం లేదు. మూడు రంగుల పిల్లులు దాదాపు అన్నీ ఆడవే. వేలల్లో ఎక్కడో ఒక్కడు పుడతాడు. ఆ ఒక్కడే ఇదిగో, నా బల్ల మీద కూర్చుని నా గడియారం నాకుతున్నాడు" అన్నాడు.

మనిషి మంచివాడే. చొక్కా భుజం దగ్గర కుట్టు విడిపోయి వేలాడుతోంది. చెబుదామా వద్దా అనుకుంటూనే వచ్చేశాను.

వచ్చేముందు నీ పుస్తకంలో ఈ సంగతులు ఏ పాఠంలో ఉంటాయని అడిగితే సమవిభజన, క్షయకరణ విభజన అని రాసిచ్చాడు. మొదటిది ఆస్తి పంపకంలా ఉంది. రెండోది దగ్గుజబ్బులా ఉంది. నువ్వు చదివేది జీవశాస్త్రమేనా?

పిన్ని


హాస్టలు నుంచి

పిన్నీ,

మీ డాక్టరుని కళ్ళద్దాలు తుడుచుకోవడం కాదు, మార్చుకోమను.

నా ఉత్తరాలు చిలకల ముందు చదవకు.

పిచిక


కుట్టుకొట్టు నుంచి

పిచికా,

అలిగావా? నీ అలక మూడు లైన్ల ఉత్తరంలోనే తెలిసిపోయింది. మామూలుగా నువ్వు అలగడానికి కూడా రెండు పేజీలు తీసుకుంటావు.

ఇక్కడ పెద్ద గండం గడిచింది. దొర దారం మింగాడు. గులాబీరంగు దారం, నోట్లోంచి కొస వేలాడుతోంది. లాగబోయాను. దేవుడి దయవల్ల లాగేముందు పక్క కొట్టు నుంచి డాక్టరు గారికి ఫోను చేయించాను. "లాగకండి! లాగితే పేగులు కోసుకుపోతాయి, నేనే వస్తున్నాను" అన్నారు. సైకిలు మీద వంతెన దాటి వచ్చారు, ఆ ఎండలో. దొరని అక్కడే నా కత్తిరింపుల బల్ల మీద పడుకోబెట్టి చూశారు. మర్నాడు మళ్ళీ వచ్చి చూశారు. ఆ మర్నాడు దారం ఎటు రావాలో అటే వచ్చేసింది. దాని గురించి ఇంతకన్నా రాయను. డాక్టరు గారు ఆ తర్వాత కూడా ఒకసారి వచ్చి చూసి వెళ్ళారు, జాగ్రత్త కోసం.

డాక్టరు గారు అంటున్నారు, వీడు మగవాడని తోక కింద చూస్తే తెలుస్తుంది గానీ, రెండు రంగులు ఎలా వచ్చాయో తెలియాలంటే వీడి క్రోమోజోములు లెక్కపెట్టాలిట. మీ కాలేజీలో చెయ్యగలరేమో కనుక్కోమన్నారు. నీ ఉత్తరం గురించి రెండుసార్లు అడిగారు. అమ్మాయి బాగా అర్థమయ్యేలా రాసింది, టీచరైతే బాగుంటుందన్నారు.

పిన్ని


హాస్టలు నుంచి

పిన్నీ,

ఒక్క పేజీలో "డాక్టరు గారు" ఎన్నిసార్లు వచ్చారో నేను లెక్కపెట్టలేదు. నా గదిలో అమ్మాయి లెక్కపెట్టింది. దానికదే పని.

టీచరైతే బాగుంటుందన్న మాట ఆయనతో ఇంకెప్పుడూ అనిపించకు.

సరే, ఓడిపోయాను. మా జీవశాస్త్రం మేడమ్ దగ్గరికి వెళ్ళాను. వెళ్ళడానికి వారం పట్టింది, ఎందుకన్నది అడగకు. ఆవిడ ల్యాబులో సీసాలు కడుగుతున్నారు. "మేడమ్, మా పిన్ని పిల్లి మూడు రంగులు. మగది" అన్నాను. ఆవిడ చేతిలో సీసా సింకులో జారవిడిచేశారు. "నిజంగా మగదా? ఎవరైనా చూశారా?" "డాక్టరు చూశాడు మేడమ్. తర్వాత కూడా చూస్తూనే ఉన్నాడు."

అప్పుడావిడ తడిచేతులతోనే బోర్డు దగ్గరికి లాక్కెళ్ళి చెప్పారు. నీ రెండు సందేహాలూ తీరుస్తాను.

సమవిభజన ఆస్తి పంపకం కాదు. పంపకంలో ఎవరికైనా సగమే వస్తుంది. కణం అలా చెయ్యదు. ముందు తన క్రోమోజోములన్నిటికీ నకలు తీసుకుంటుంది. తర్వాత అవి దారం కండెకి చుట్టుకున్నట్టు పొట్టిగా, లావుగా చుట్టుకుని, కణం నడుమ వరసలో నిలబడతాయి. అది మధ్యస్థ దశ. అప్పుడు అసలు ఒక పక్కకీ, నకలు ఒక పక్కకీ వెళ్ళి రెండు కణాలవుతాయి. రెండింటికీ మొత్తం సామాను ఉంటుంది. మనుషులు కూడా ఇలా పంచుకుంటే కోర్టులు మూసుకునేవారు.

క్షయ అంటే దగ్గు కాదు, తగ్గడం. గుడ్డూ, వీర్యకణమూ తయారయ్యేటప్పుడు మాత్రం ప్రతి జతలోంచీ ఒక్కటే వెళ్ళాలి. పిల్లికి ముప్ఫై ఎనిమిది. గుడ్డులోకి పందొమ్మిదే వెళ్ళాలి. తండ్రి వైపు నుంచి పందొమ్మిది. కలిస్తే మళ్ళీ ముప్ఫై ఎనిమిది. తగ్గకపోతే తరతరానికీ రెట్టింపై, మునిమనవడి నాటికి పిల్లిలో పిల్లికి చోటుండదు.

దొర అమ్మకో నాన్నకో ఈ పనిలోనే పొరపాటు జరిగి ఉంటుందంటారు మేడమ్. విడిపోవాల్సిన జత విడిపోకుండా, చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఇద్దరూ ఒకే వైపు వెళ్ళిపోయి ఉంటారు. అందుకే దొరకి ఒకటి ఎక్కువ వచ్చి ఉంటుంది. రెండు ఎక్స్‌లూ, ఒక వై. వై ఉంది కాబట్టి మగాడు, రెండు ఎక్స్‌లున్నాయి కాబట్టి రెండు రంగులు. ఇలాంటివాళ్ళకి సాధారణంగా పిల్లలు పుట్టరుట. నీ పట్టుబట్టలు క్షేమం.

ఇదంతా "ఉంటుంది", "ఉంటుంది" అని చెప్పడమే. తేలాలంటే రక్తం కావాలి. మేడమ్ చాలా ఏళ్ళ కిందట ఈ పని చేశారట. నన్ను తోడు ఉండమన్నారు. నన్నే ఎందుకో తెలియదు. రక్తం చల్లగా, ఆలస్యం కాకుండా రావాలి. మీ డాక్టరుని పంపమను.

పిచిక


కుట్టుకొట్టు నుంచి

పిచికా,

గురువారం పొద్దుటి బస్సుకి డాక్టరు గారే వస్తున్నారు, ఐసు డబ్బాతో. పోస్టులో అయితే పాడైపోతుందన్నారు. దొర రక్తం ఇచ్చేటప్పుడు ఆయన్ని కరవలేదు, నన్ను కరిచాడు.

హాస్టలు గుమ్మం దగ్గర నిలబడు. మంచినీళ్ళయినా ఇవ్వు. తల దువ్వుకో.

పిన్ని


హాస్టలు నుంచి

పిన్నీ,

రక్తం క్షేమంగా చేరింది. ఐసు డబ్బాని బస్సులో ఒళ్ళో పెట్టుకుని, చంటిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుని వచ్చారు. మేడమ్‌కి అప్పజెప్పాక ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు, నేను సీసాలు కడిగాను. తర్వాత క్యాంటీనులో టీ తాగాం. మాట్లాడతారు, కానీ ఎక్కువ మాట్లాడరు. మేకల గురించి అడిగితే మాత్రం ఆగరు.

నేను టీలో చక్కెర వేసుకోనని ఆయనకి తెలుసు. దీపం ఆర్పితే నాకు నిద్రపట్టదనీ తెలుసు. ఎలా తెలుసో నేనడగలేదు. చొక్కా చూస్తున్నాను.

లేతనీలం చొక్కా. కొత్తది. బొత్తాం కాజా చూశాను. చివర్న మూడు అడ్డకుట్లు వేసి దారం లోపలికి ముడిచి కనబడకుండా చేసేది ఈ ప్రపంచంలో ఒక్కరే. ఆ ఒక్కరి దగ్గరే నేను పెరిగాను. ఆ ఒక్కరి కొట్టు బయట "ఆడవారి దుస్తులు మాత్రమే" అని బోర్డుంటుంది. ఎదురింటి తాతగారు పైజామా కుట్టమని బతిమాలితే కూడా కుట్టలేదు.

ఎన్నాళ్ళ నుంచి?

నవ్వుతూనే అడుగుదామనుకున్నాను పిన్నీ. ఈ ఉత్తరం మూడుసార్లు నవ్వుతూ మొదలుపెట్టి చింపేశాను. నువ్వు ఎవర్నైనా ఇష్టపడితే నాకెందుకు కోపం? చక్కెర సంగతి ఆయనకి చెప్పావు. ఆయన సంగతి నాకు చెప్పలేదు. అదీ.

పిచిక


కుట్టుకొట్టు నుంచి

పిచికా,

దొంగని కాజా పట్టించింది. నీ కళ్ళకి దండం.

చొక్కా భుజం కుట్టు సంగతి ఆఖరికి ఆయనతో చెప్పాను. దారం మింగిన రోజు. విప్పి ఇమ్మన్నాను, బనీనుతో కూర్చున్నారు, కుట్టిచ్చాను. గుడ్డ పాతబడిపోయింది, కుట్టు నిలవదు. కొత్తది కుట్టడం తేలికనిపించింది. కొలతలు తీసుకుంటూ టేపు తిరగేసి పట్టుకున్నాను. ముప్ఫై ఏళ్ళుగా టేపు పట్టుకున్న చేతులు! ఛాతీ రాసుకుని మెడ రాసుకోవడం మర్చిపోయాను. మళ్ళీ రమ్మనాల్సొచ్చింది. అలా మొదలైంది. నువ్వు నవ్వుతావని తెలుసు, నవ్వు.

ఆయన మేకలూ కుక్కలూ చూసుకుంటూ పెళ్ళి సంగతి మర్చిపోయారట. నేను మర్చిపోలేదు. మీ అమ్మానాన్నలు పోయి నువ్వు నా ఒళ్ళోకి వచ్చినప్పుడు, ఆ సంగతి మడతపెట్టి పెట్టెలో పెట్టాను. దానికి నేనెప్పుడూ ఏడవలేదు. ఇప్పుడు ఆయన అడిగారు. నీ చదువు పూర్తయ్యేదాకా ఏమీ చెప్పనన్నాను. నీకు రాస్తే, అక్కడ నువ్వు పుస్తకం ముందు కూర్చుని ఇల్లు పోయిందనుకుంటావేమోనని భయపడ్డాను. అందుకే దాచాను. తప్పే.

ఇప్పుడు నా వంతు. ఆయన మీ ఊరి నుంచి వచ్చాక, "మేడమ్ ఏమన్నారు, మా పిల్ల ఎలా చదువుతోందిట?" అని అడిగాను. ఆయన దొర చెవులు గోకుతూ, "ఆ సంగతి అమ్మాయే మీకు చెప్పాలండీ" అన్నారు. ఎంత గుచ్చినా ఇంకో మాట లేదు. బాగుంటే బాగుందనేవారు కదా?

చెప్పు.

పిన్ని


హాస్టలు నుంచి

పిన్నీ,

తప్పాను. మొదటి పరీక్షలో, సరిగ్గా కణ విభజన దగ్గరే. ప్రథమ దశ, మధ్యస్థ దశ, చలన దశ, అంత్య దశ అని పాటలా బట్టీపట్టి వెళ్ళాను. పేపరు చూడగానే పాట మర్చిపోయాను. బొమ్మల్లో క్రోమోజోములు వరసలో నిలబడకముందే విడిపోయాయి. మేడమ్ దానిమీద ఎర్రసిరాతో "ఎందుకంత తొందర?" అని రాశారు.

పెట్టె సర్దుకున్నాను. నువ్వు ఒక్కదానివే ఉన్నావు, నాకు చదువు రాదు, వచ్చి మిషను మీద కూర్చుంటే ఇద్దరికీ బాగుంటుందని ఉత్తరం కూడా రాసుకున్నాను. అదే రోజు నీ దొర ఉత్తరం వచ్చింది. పిల్లి మగదేమిటి, ముందు ఈ తప్పు దిద్దుదాం, తర్వాత వెళదాం అనుకున్నాను. నాకు తెలిసిన విషయం అదొక్కటే, అందుకే అంత గొప్పగా రాశాను. అది కూడా తప్పని తేలేసరికి ఏడ్చాను. ఆ మూడు లైన్ల ఉత్తరం అదే.

ఇప్పుడు అసలు సంగతి.

రక్తకణాలని వెచ్చటి పెట్టెలో పెంచాం. అవి విభజన మొదలుపెట్టాక ఒక మందు వేసి సరిగ్గా మధ్యలో ఆపేశాం, క్రోమోజోములు పొట్టిగా చుట్టుకుని కనబడేది అప్పుడే కాబట్టి. ఇంకొంచెం ముందైతే చిక్కుపడ్డ దారం, ఇంకొంచెం తర్వాతైతే రెండు ముక్కలు. మేడమ్ చెబుతుంటే నాకు ఎర్రసిరా గుర్తొచ్చింది. ఆ దశలకి పేర్లు మనం పెట్టుకున్నాం గానీ పిన్నీ, అక్కడ జరిగేది ఒకటే పని. ఎవరికీ సామాను తక్కువ రాకూడదని కణం పడే తంటా. అది తెలిస్తే బట్టీపట్టక్కర్లేదు.

మొదటి స్లైడులో ఏమీ లేదు. రెండోదాంట్లో అన్నీ ఒకదానిమీద ఒకటి పడి ఉన్నాయి, నీ ముక్కల బుట్టలాగా. ఆ తర్వాతిదాంట్లో ఒకే ఒక్క కణం, చక్కగా పరుచుకుని, ఊదారంగులో. లెక్కపెట్టాను. ముప్ఫై ఎనిమిది. అంటే మామూలు పిల్లే. మళ్ళీ లెక్కపెట్టాను. ముప్ఫై తొమ్మిది. మేడమ్ లెక్కపెట్టారు. ముప్ఫై తొమ్మిది! నేను మొదటిసారి ఒక చిన్నదాన్ని దుమ్ముకణమనుకుని వదిలేశాను. అదే వై. దొరగారి మగతనాన్ని దుమ్మనుకున్నానన్నమాట.

ఆవిడ ఫొటో తీసి అచ్చువేయించి, ఒక్కొక్క క్రోమోజోమునీ కత్తిరించి జతలు పెట్టమన్నారు. క్లాసులో ఎవరికీ సరిగ్గా రాలేదు, అంచులు పోతున్నాయి. నీ దగ్గర నేను సరిగ్గా నేర్చుకున్న విద్య ఒక్కటే, గీత మీద కత్తిరించడం. అన్నీ నేనే కత్తిరించాను. పద్దెనిమిది జతలు కుదిరాయి. బల్ల మీద మూడు మిగిలాయి. రెండు పెద్దవి, ఒక చిన్నది.

పిన్నీ, అలాంటిది ఒకటి మన కళ్ళతో చూసినప్పుడు పక్కన ఎవరికైనా చెప్పకపోతే ఊపిరాడదు. క్లాసంతా తిరిగి చెప్పాను. కొందరికి రెండుసార్లు చెప్పాను. పెట్టె విప్పేశాను.

తప్పిన పరీక్ష వచ్చే నెల మళ్ళీ ఉంది. ఈసారి తొందరపడను.

పిచిక


కుట్టుకొట్టు నుంచి

పిచికా,

ముందుగా ఒక సంగతి తేల్చుకుందాం. చదువు రానివాళ్ళంతా వచ్చి కూర్చోడానికి నా మిషను ఏమైనా సత్రమా? నీ కుట్టు నాకు తెలుసు. నువ్వు ఆరో క్లాసులో కుట్టిన దిండుగలీబుకి నాలుగు వైపులా కుట్టేసి, దిండు ఎటు పెట్టాలని నన్నడిగావు. గీత మీద కత్తిరిస్తావు, ఒప్పుకున్నాను. అక్కడే ఉండి క్రోమోజోములు కత్తిరించుకో.

తప్పినందుకు కోపం లేదు. ఒక్కదానివే పెట్టె సర్దుకుని, విప్పుకున్నావే, ఆ రోజుల్లో నేను నీ పక్కన లేనందుకు ఉంది. ఆ కోపం నీమీద కాదు.

నేను ఒక్కదాన్నే ఉన్నానని నువ్వూ, నువ్వు ఒక్కదానివవుతావని నేనూ. బాగుంది మన వరస.

ముప్ఫై తొమ్మిదని చెబితే డాక్టరు గారు దొరని ఎత్తుకుని కొట్టంతా తిరిగారు. కొలతలివ్వడానికొచ్చిన ఆవిడ భయపడి వెళ్ళిపోయింది.

ఆయన నన్ను రెండోసారి అడగలేదు. "అమ్మాయికి ఇష్టమేనా? అది తెలిశాకే" అన్నారు, అంతే. నేనేం చెప్పను? నువ్వే ఆయనకి రాయి. ఏం రాసినా నాకు సమ్మతమే. చిరునామా కింద ఉంది. నిజం చెప్పు, మొహమాటపడకు.

పిన్ని


హాస్టలు నుంచి

బాబాయ్ గారికి,

"గారు" పెట్టాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. ఈసారికి పెట్టాను, అలవాటయ్యేదాకా.

ఆ రోజు క్యాంటీనులో మీ మొహం వైపు కాకుండా మీ బొత్తాల వైపే చూస్తూ కూర్చున్నందుకు క్షమించండి. నేను తప్పిన సంగతి మీకు తెలిసి కూడా పిన్నికి చెప్పలేదు. నాకు చెప్పుకునే అవకాశం మిగిల్చారు. దానికి ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియక ఇన్నాళ్ళూ రాయలేదు.

మీకు తెలియాల్సినవి కొన్ని ఉన్నాయి. పిన్నికి సూది గుచ్చుకుంటే చెప్పదు, వేలు నోట్లో పెట్టుకుని పని సాగిస్తుంది. జ్వరమొస్తే "కాస్త ఎండ ఎక్కువైంది" అంటుంది, వానాకాలంలో కూడా. ఆవిడ కూనిరాగం తీస్తుంటే సంతోషంగా ఉందనుకోకండి, కోపంగా ఉందని అర్థం. నిజంగా సంతోషంగా ఉన్నప్పుడు ఎవరినో ఒకర్ని తిడుతుంది. నిన్నటి ఉత్తరంలో నన్ను పేజీన్నర తిట్టింది. అంత బాగా ఎప్పుడూ తిట్టలేదు.

పరీక్ష అయ్యాక వస్తాను. మీ చిలుకని కూడా చూడాలి. దొర మీద మేడమ్ నన్ను క్లాసులో మాట్లాడమన్నారు, వాడి ఫొటో ఒకటి పంపండి, తోక ఎత్తి ఉన్నది వద్దు.

మీరు పిన్నిని అడిగిన ప్రశ్నకి జవాబు విడిగా రాద్దామని కూర్చున్నాను. చదువుకుని చూస్తే, ఈ ఉత్తరం మొదటి మాటలోనే రాసేసి ఉన్నాను.

పిచిక